30 ఏళ్ల అప్పు, 3 ఏళ్ల అనుమతి



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కునే వేళ ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "మా వాడు అమెరికాలో ఇల్లు కొన్నాడు. మమ్మల్ని రమ్మంటున్నాడు." చెప్పే తల్లిదండ్రుల ముఖంలో సంతోషం ఉంటుంది, వెనువెంటనే ఒక ప్రశ్న కూడా ఉంటుంది. అక్కడ ఎట్లుంటుంది? మేము ఉండగలమా? వెళ్లి వచ్చినవారిని అడిగితే కొందరు స్వర్గమంటారు, కొందరు జైలంటారు. రెండూ సరి కాదు. మేమిద్దరం మా అమ్మాయి ఇంట్లో రెండుసార్లు కొన్ని నెలలు ఉండి వచ్చినవాళ్లం గనుక, చూసింది చూసినట్టు ఈ నెల రాస్తున్నాం.

ఇల్లు వదిలి పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కోసిగి, హొళగుంద, ఆలూరు వైపు పల్లెల్లో వానలు మోసం చేసిన ఏడు ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో కట్టడం పనులకు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు. సుగ్గికి పోయినవాడు చేని పక్కన గుడారం వేసుకుంటాడు. ఆ ఊరు తనది కాదని వానికీ తెలుసు, ఆ ఊరివాళ్లకూ తెలుసు, ఇంటి దగ్గర ఉన్న మనకూ తెలుసు. అమెరికా పోయినవాని సంగతి వేరు. వాడు పంపే ఫోటోలో మేడ, దాని ముందర పచ్చని గడ్డి, 2 కార్లు. అది చూసి వాడు అక్కడ స్థిరపడిపోయాడని మనం అనుకుంటాం. చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

ముందు ఆ పేట ఎట్లుంటుందో చెబుతాం. మా అమ్మాయి వాళ్లుండేది టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో. 2000 జనాభా లెక్కల్లో అక్కడ సుమారు 33 వేల మంది ఉండేవారు. 2020 నాటికి 2 లక్షలు దాటారు. మన ఆదోని పట్టణం 2011 లెక్కల్లో లక్షా 66 వేలు. అంటే 20 ఏళ్లలో ఆదోనిని మించిన ఊరు అక్కడ లేచి నిలబడింది. రైలు మార్గం పడినప్పుడు పుట్టిన ఊరు అది, పేరు కూడా ఆ రైలు కంపెనీదే. అది ఒకప్పుడు పత్తి పండిన నల్లరేగడి నేల. మన ఆదోని రైతును తీసుకుపోయి అక్కడ నిలబెడితే నేల చూసి గుర్తుపడతాడు. వేసవిలో ఎండ కూడా మన ఎండే, 40 డిగ్రీలు. ఎండకు ఆ నేల మన చేలలాగే బీటలు వారుతుంది గనుక, పునాది కుంగకుండా ఇంటి చుట్టూ పైపు పరచి నీళ్లు పెడతారు. మనుషులకు, పశువులకు, చేలకు నీళ్లు పెట్టడం మనకు తెలుసు, ఇంటి పునాదికి నీళ్లు పెట్టడం మాత్రం మేము అక్కడే చూశాం.

ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ చూసినవారికి ఆ ఇళ్ల వరుసలు కొంత అర్థమవుతాయి. ఒక పద్ధతి ప్రకారం గీసిన వీధులు, ఒకదానిని పోలిన ఒకటి ఇళ్లు. అయితే వీవర్స్ కాలనీలో ఒక ఇంట్లో మగ్గం ఆగితే పక్కింటివాళ్లు ఏమైందని అడుగుతారు. అక్కడ ఆ మాట అడిగేవారు ఉండరు. ఎందుకంటే మనుషులు వాకిట్లోంచి రాకపోకలు చేయరు. కారు షెడ్డు తలుపు దానంతట అది లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు పడిపోతుంది. పక్కింట్లో ఎవరున్నారో తెలియడానికి మాకు 3 వారాలు పట్టింది. ఊరంతా తిరిగే బస్సు మన ఆర్టీసీ లాంటిది అక్కడ లేదు. అంగడికి పోవాలన్నా, గుడికి పోవాలన్నా, తలనొప్పి మాత్ర కావాలన్నా కారు ఉండాలి. కారు నడపడం రాని పెద్దవాళ్లు పిల్లలకు సెలవు దొరికిన రోజు కోసం కాచుకోవాలి. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా ఇల్లు నిశ్శబ్దం. జైలని చెప్పేవారు చెప్పేది ఈ నిశ్శబ్దం గురించే.

ఇల్లు సొంతమే గాని ఇష్టం వచ్చినట్టు ఉండడానికి లేదు. ఆ కాలనీ ఇళ్ల యజమానులకు ఒక సంఘం ఉంటుంది, ఏటా దానికి డబ్బు కట్టాలి. ముందరి గడ్డి ఎక్కువ పెరిగితే ఉత్తరం వస్తుంది. గోడ రంగు మార్చాలంటే అడగాలి. చెత్తబుట్ట వారంలో చెప్పిన రోజునే బయట పెట్టి, మళ్లీ లోపలికి తీసుకోవాలి. బట్టలు బయట ఆరేస్తే చాలా కాలనీల్లో ఒప్పుకోరు. అంత ఎండ పెట్టుకొని బట్టలు కరెంటు యంత్రంలో ఆరబెట్టడం చూసి మా ఇంటివారికి ఇప్పటికీ మనసొప్పదు. తాలింపు ఘాటుకు ఇంట్లో పొగ గంట మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు భయపడకండి, కిటికీ తెరిస్తే ఆగిపోతుంది.

ఇవన్నీ అలవాటు పడే విషయాలే. అలవాటు పడని విషయం ఒకటుంది, దాని గురించి పిల్లలు మనతో చెప్పరు. చెబితే దిగులు పడతామని దాచిపెడతారు.

చదువుకొని ఉద్యోగానికి పోయిన మన పిల్లల్లో చాలామంది హెచ్-1బి అనే అనుమతి మీద ఉంటారు. 1990లో చేసిన చట్టంతో వచ్చింది అది. ఒకసారికి 3 ఏళ్లు ఇస్తారు, మరో 3 ఏళ్లు పొడిగిస్తారు. ఆ అనుమతి ఒక కంపెనీ ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే, 2017 నుంచి ఉన్న నియమం ప్రకారం, సాధారణంగా 60 రోజులకు మించకుండా గడువు ఉంటుంది. ఆలోగా మరో కంపెనీ దొరకాలి, లేదా వేరే అనుమతికి మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. 2022 చివర్లో, 2023లో పెద్ద పెద్ద కంపెనీలు వేల మందిని ఒక్కసారిగా తీసేసినప్పుడు, ఎన్నో తెలుగు ఇళ్లలో గోడ మీద క్యాలెండరులో ఆ 60 రోజులు లెక్కపెట్టుకున్నారు. ఇంటి అప్పు మాత్రం 30 ఏళ్లకు తీసుకున్నది. 30 ఏళ్ల అప్పు ఒక చేతిలో, 3 ఏళ్ల అనుమతి ఇంకో చేతిలో పెట్టుకొని వాళ్లు ఆ మేడలో నిద్రపోతున్నారు. ఫోటోలో అది కనబడదు.

మరి గ్రీన్ కార్డు తీసుకోవచ్చు గదా అంటారేమో. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు లక్షా 40 వేలు. భార్యాపిల్లల లెక్క కూడా అందులోనే కలిసిపోతుంది. ఏ ఒక్క దేశంవారికీ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వకూడదని చట్టం. మన దేశంవారు లక్షల్లో వరుసలో నిలబడ్డారు. చిన్న దేశంవానికి ఏడాది, రెండేళ్లలో వచ్చేది మనవానికి పది, పదిహేనేళ్లైనా రాదు, ఇప్పుడు వరుసలో చేరినవారికి ఇంకా ఎక్కువే. వరుసలో ఉన్నంతకాలం ఉద్యోగముంటే అనుమతి పొడిగిస్తారు. ఇక్కడ పుట్టి, చంకలో బిడ్డగా అక్కడికి పోయిన పిల్లవానికి 21 ఏళ్లు నిండేలోపు కార్డు రాకపోతే, తల్లిదండ్రుల అనుమతి కింద ఉండే హక్కు వానికి పోతుంది. అక్కడే పుట్టిన చెల్లెలు ఆ దేశపు పౌరురాలు, అన్న కాదు. ఒకే ఇంట్లో అట్లాంటి పిల్లలున్నారు. భార్య సంగతి, 2015 దాకా హెచ్-1బి వాని భార్యకు ఆ అనుమతి మీద పని చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. ఇక్కడ ఎం.సి.ఎ. చదివి, కాలేజీలో పాఠాలు చెప్పిన ఆడపిల్ల అక్కడ ఏళ్ల తరబడి కిటికీ దగ్గర కూర్చున్న సంగతి ఆమె అత్తమామలకు కూడా తెలియదు. 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకునే హెచ్-1బి ఒక్కొక్కదానికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడు ప్రకటన చేసినప్పుడు, సెలవుకు ఇండియా వచ్చిన ఎంతోమంది పిల్లలు పెళ్లిళ్లు, పండుగలు వదిలేసి విమానాలకు పరుగెత్తారు. అప్పటికే అనుమతి ఉన్నవారికి అది వర్తించదని తర్వాత చెప్పారు. కాని ఆ ఒక్క రాత్రి పరుగు చూస్తే వాళ్ల మనసుల్లో ఏముందో మనకు అర్థం కావాలి.

కాన్సాస్ రాష్ట్రంలో ఒలేతా అనే ఊరుంది, కాన్సాస్ సిటీ పక్కన ఇట్లాంటిదే నిశ్శబ్దమైన ఊరు. హైదరాబాదు నుంచి వెళ్లిన కూచిభొట్ల శ్రీనివాస్ అక్కడ గార్మిన్ కంపెనీలో ఇంజనీరు. 32 ఏళ్లు. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం, పని ముగించుకొని, సహోద్యోగి మాదసాని అలోక్‌తో కలిసి దగ్గరి రెస్టారెంటులో కూర్చొని ఉండగా, ఒకడు మా దేశం నుంచి పొండని అరిచి తుపాకీతో కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయారు, అలోక్ గాయపడ్డారు. కాల్చినవానికి 2018లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఆ సంగతి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. తర్వాతి సంగతి చాలామందికి తెలియదు. భర్త పోయిన రాత్రే ఆయన భార్య దుమాల సునయనకు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది, ఎందుకంటే ఆమె అనుమతి ఆయన అనుమతిని పట్టుకొని ఉన్నది. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన ఆమె తిరిగి తన సొంత ఇంటికి పోవడానికి ఆ ప్రాంతపు కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోవలసి వచ్చింది. ఇల్లు అక్కడే ఉంది, ఇంట్లో ఉండడానికి కాగితం లేదు.

అదే సంఘటనలో మరో మనిషి ఉన్నాడు, ఆయన గురించి చెప్పకపోతే న్యాయం కాదు. ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల తెల్ల యువకుడు. ఆ ఇద్దరితో ఆయనకు చుట్టరికం లేదు, స్నేహం లేదు. చేతిలో ఆయుధం లేకుండానే కాల్చినవాణ్ణి పట్టుకోబోయి చేతికి, ఛాతీకి గుండు తగిలించుకున్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఆయన ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అమెరికావాళ్లంతా ఇట్లాంటివాళ్లేనని మేమనము, అట్లాంటివాళ్లేనని కూడా అనము.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఇక్కడ కూర్చొని పిల్లలతో మనం మాట్లాడే మాటలు మారాలని. "ఆదోని బైపాసు దగ్గర ప్లాటు చవకగా ఉంది, 20 లక్షలు పంపు." "చెల్లెలి పెళ్లికి కారు నువ్వే ఇయ్యాల." "అంత పెద్ద ఇల్లు కొన్నావు, ఊరి గుడికి ప్రహరీ కట్టించలేవా?" ఈ మాటలు మేము విన్నవే. కొందరికి కోపం రావచ్చు గాని అంటున్నాం. వాని దగ్గర డబ్బు ఉందా అని అడగడానికి ముందు, వాని అనుమతి ఎప్పటిదాకా ఉందో అడగండి. ఆ తేదీ తెలియని తల్లిదండ్రులు ఎక్కువ. సుగ్గికి పోయిన కొడుకు ఏ నెలలో తిరిగి వస్తాడో మనకు తెలుసు, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో తెలుసు. డల్లాస్ పోయినవాని విషయంలో మాత్రం వాని జీతమొక్కటే మనకు తెలుసు. వాడు ఒకవేళ తిరిగి వస్తానంటే దాన్ని ఓటమి అనకండి. ఊళ్లో ఏమనుకుంటారో అన్న భయంతోనే కొందరు పిల్లలు 60 రోజుల గడువులో దొరికిన తక్కువ పనికల్లా ఒప్పుకుంటున్నారు.

ఇక పోవాలా వద్దా అన్న ప్రశ్న. పొండి. పిల్లల కష్టం కళ్లతో చూడకుండా అర్థం కాదు. సందర్శకుల వీసాకు ఇంటర్వ్యూ హైదరాబాదులోనే జరుగుతుంది. అక్కడ కాన్సులేటు 2008లో తెరిచారు. అంతకుముందు చెన్నై పోవలసి వచ్చేది. విమానం దిగిన చోట అధికారి మామూలుగా 6 నెలలు ఉండనిస్తాడు. మా సలహా 3 నెలలు. ఆరు నెలలు ఉండి కోడలి వంటగదిని ఎమ్మిగనూరు వంటగది చేసి రావద్దు. కేవలం మనవడిని ఎత్తుకోవడానికి మనిషి కావాలని పిలిస్తే, ఆ మాట పిల్లలు దాచకుండా చెప్పాలి, మీరూ ఒప్పుకుంటే ఒప్పుకోవాలి. అట్లా ఒప్పుకున్న ఇంట్లో గొడవ తక్కువ.

ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. మన పెద్దవాళ్లకు తెల్లవారగానే నడిచే అలవాటు. 2015 ఫిబ్రవరి 6న అలబామా రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్లో సురేష్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ల గుజరాతీ రైతు అట్లాగే నడుస్తున్నాడు. కొడుకు ఇంటికి, మనవడిని చూసుకోవడానికి వచ్చి కొద్ది రోజులే అయింది. ఎవరో కొత్త మనిషి ఇళ్ల మధ్య తిరుగుతున్నాడని అక్కడి వ్యక్తి పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు అడిగితే ఆయన ఇంగ్లీషు రాదని, ఇండియా అని, ఇంటి నంబరు చెప్పాడు. ఒక పోలీసు ఆయన చేతులు వెనక్కి పట్టుకొని నేలకు పడవేశాడు. వెన్నెముక దెబ్బతిని కాళ్లు చేతులు స్వాధీనం తప్పాయి. ఆ రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పారు. కేసులో జ్యూరీ రెండుసార్లు ఒక మాటకు రాలేదు, 2016లో న్యాయమూర్తి ఆ పోలీసును విడిచిపెట్టారు. 2021లో ఆ ఊరి పాలకవర్గం తరఫున 17 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు.

నడవవద్దని మేము చెప్పము. మేము రోజూ నడిచాం. కాని ఇట్లా నడవండి. కొడుకు పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు ఇంగ్లీషులో రాసిన కార్డు మెడలో వేసుకోండి. జేబులో పెట్టుకోవద్దు, పోలీసు ఎదురుగా ఉండగా జేబులో చేయి పెట్టడమే ప్రమాదం. ఎవరైనా ఆపితే నిలబడిపోండి, చేతులు కనబడేటట్టు ఉంచండి, వెనక్కి తిరగవద్దు. మొదటి వారం కొడుకో కోడలో వెంట నడిచి చుట్టుపక్కల నాలుగిళ్లవారికి "మా నాన్న, మా అమ్మ" అని చూపించాలి. ఇప్పుడు చాలా ఇళ్ల గుమ్మాలకు కెమెరాలున్నాయి, ఆ కెమెరా వెనక ఉన్న మనిషికి మీ ముఖం తెలిసి ఉండడం మంచిది. మల్లెపూలని పక్కింటి చెట్టు పూలు కోయకండి. ముద్దొచ్చిందని పరాయి పిల్లల బుగ్గ గిల్లకండి. మన వీధిలో అది ప్రేమ, అక్కడ ఫిర్యాదు అవుతుంది.

పలకరిస్తే పలికే మనుషులు అక్కడ లేరని కూడా అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో పెద్ద చలి వచ్చింది, డల్లాస్‌లో మైనస్ 18 డిగ్రీల కిందికి పడిపోయింది. కరెంటు వ్యవస్థ కుప్పకూలి ఆ రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. మా అమ్మాయి ఇంట్లో పొయ్యి, హీటరు అన్నీ కరెంటువే. అప్పటిదాకా చెయ్యి ఊపడం తప్ప మాట లేని ఎదురింటి ముసలమ్మ తలుపు కొట్టి, మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, బిడ్డను తీసుకొని రండి అన్నదట. 2 రాత్రులు అక్కడే పడుకున్నారు. ఆ తర్వాత మేము వెళ్లినప్పుడు ఆమెకు ఉగ్గాని, బజ్జీ చేసి పంపాం. బొరుగులను నీళ్లలో తడిపి తాలింపు పెట్టడం ఆమెకు వింతగా తోచింది. గిన్నె మాత్రం ఖాళీగా రాలేదు, ఆమె చేసిన రొట్టెతో వచ్చింది.

భాష గురించి బెదిరిపోవద్దు. ఆదోనివాళ్లం ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, సంతలో కన్నడం మాట్లాడుకుంటూ పెరిగినవాళ్లం. 1953 అక్టోబరు 1న మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసినప్పుడు, ఇంటి గడప దాటకుండానే మన పెద్దల రాష్ట్రం మారింది. భాషలు పక్కపక్కనే ఉండడం మన నోటికి తెలుసు. అక్కడ చాలా లైబ్రరీల్లో, గుళ్లలో పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారు. చేరండి, భాష కన్నా ముందు స్నేహితులు దొరుకుతారు. తెలుగు సంఘాలు కూడా చాలాచోట్ల ఉన్నాయి, అమెరికావారి గుడిని బాడుగకు తీసుకొని మధ్యాహ్నం పూట ఆరాధన జరుపుకొనేవి ఎక్కువ. ఎవరి కారులో పోతారో శనివారమే మాట్లాడి పెట్టుకోండి.

ఆరోగ్య బీమా లేకుండా మాత్రం విమానం ఎక్కకండి. అక్కడి ప్రభుత్వం ముసలివారికి ఇచ్చే వైద్యసాయం సందర్శకులకు వర్తించదు. మనం కొనే సందర్శకుల బీమాలో చాలావాటికి ముందునుంచే ఉన్న బీపీ, షుగరు వంటి జబ్బులకు వర్తింపు ఉండదు. ఆ చిన్న అక్షరాలు ఎవరిచేతనైనా చదివించుకోండి. ఉండబోయే రోజులకు సరిపడా మందులు డాక్టరు చీటీతో సహా వెంట ఉండాలి.

పోలేనివారికి ఫోను ఉంది. మనకు రాత్రి 9 అయినప్పుడు డల్లాస్‌లో వేసవిలో ఉదయం 10-30, చలికాలంలో 9-30. అది వాడు పనిలో ఉన్న వేళ, పక్కన అధికారి ఉంటాడు, అందుకే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తాడు. మన ఉదయం 7 గంటలకు అక్కడ ముందు రోజు రాత్రి 7-30, 8-30 మధ్య. అన్నం తినే వేళ, పిల్లలు కూడా ఇంట్లోనే ఉంటారు. ఆ వేళ చేయండి.

వచ్చే నెల, కువైట్ నుంచి తిరిగి వచ్చినవారి ఇళ్ల గురించి.